విల్హెల్ము మైబాకు: పెట్రోలునకు మితము నేర్పిన యంత్రశిల్పి

పాత కారులను, స్కూటరులను బాగుచేయు దుకాణముల యొద్ద ఈ సంగతి తఱచుగా జరుగుచుండును. ఎంత ప్రయత్నించినను బండి స్టార్టు కాదు. ఇంజను ప్రక్కన పెట్రోలు బొట్లుబొట్లుగా కారుచుండును. మెకానిక్కు వచ్చి, కార్బొరేటరు ఓవర్‌ఫ్లో అగుచున్నదని చెప్పి, గుప్పిట ఇముడునంతటి చిన్న లోహపు గిన్నెను విప్పును. అందులో బెండువలె తేలెడి బోలు డబ్బీ యొకటి, మొన తేఱిన చిన్న సూది యొకటి ఉండును. డబ్బీ పేరు ఫ్లోటు. సూది పేరు నీడిలు. ఈ రెండింటిలో ఏదో యొకటి తన పని మానినందున అంత పెద్ద బండి నడివీథిలో నిలిచిపోయినది.

ఈ చిన్న సాధనమును మోటారు బండికి తగినట్లు కుదిర్చినవారిలో ముఖ్యుడు విల్హెల్ము మైబాకు అను జర్మను యంత్రశిల్పి. ఆయన పదియవ యేటనే తల్లిదండ్రుల నిరువురను పోగొట్టుకొనెను. ఒక ధర్మసంస్థ నీడను పెరిగెను. తరువాత మోటారు యుగమునకు మూలపురుషులైన కొద్దిమందిలో ఒకడాయెను. నేడు మిక్కిలి ఖరీదైన కారుల మీద ఆయన పేరు కనబడుచున్నది గాని, ఆయన జీవితమును ఎఱిగినవారు కొద్దిమందియే. విద్యార్థులు ఎఱుగదగిన ఆ చరిత్రమును ఇందు సంగ్రహముగా వ్రాయుచున్నాము.

బాల్యము

మైబాకు 1846వ సంవత్సరము ఫిబ్రవరి 9వ తేదీన, జర్మనీకి నైరృతి భాగమందలి వుర్టెంబర్గు రాజ్యమున, హైల్‌బ్రోన్ అను పట్టణమున జన్మించెను. అప్పటికి జర్మనీ యంతయు ఒక దేశముగా ఏకము కాలేదు. వుర్టెంబర్గునకు వేరుగా రాజు ఉండెను. విల్హెల్ము తండ్రి వడ్రంగి. ఆయనకు ఐదుగురు కుమారులు. కొంతకాలమునకు ఆ కుటుంబము స్టుట్‌గార్ట్ నగరమునకు తరలిపోయెను.

అక్కడ వారికి కష్టకాలము వచ్చెను. 1854లో తల్లి మరణించెను. రెండేండ్లు గడచునప్పటికి, అనగా 1856లో, తండ్రియు గతించెను. ఐదుగురు బాలురకును దిక్కు లేకపోయెను. వారి యింటి మిత్రులు కొందఱు ఆ పిల్లల దురవస్థను చూచి ఓర్వలేక, ఎవరైనను దయతో వారిని చేరదీయవలసినదని స్థానిక వార్తాపత్రికలో ఒక ప్రకటనను వేయించిరి. ఆ ప్రకటన ఎవరి కంటను పడకయుండినచో మోటారు బండి చరిత్ర మఱియొక విధముగా నుండెడిదేమో! అది రాయిట్లింగెన్ అను ఊరిలోని ఒక బోధకుని కంట పడెను.

సోదరగృహము

ఆ బోధకుని పేరు గుస్తావు వెర్నరు. ఆయన 1809లో జన్మించిన ప్రొటెస్టెంటు దైవసేవకుడు. 1840లో పదిమంది అనాథ పిల్లలను వెంటబెట్టుకొని రాయిట్లింగెన్ చేరి, అక్కడ వారికొక నివాసమును ఏర్పఱచెను. దానికి సోదరగృహమని పేరు. తల్లిదండ్రులు లేని పిల్లలను, అంగవైకల్యము గలవారిని, పనిలేక అలమటించువారిని ఆయన అచ్చట చేర్చుకొనెను. భిక్షాన్నముతో మాత్రమే వారిని పోషించుట ఆయనకు ఇష్టము లేదు. ప్రతివాడును తనకు తగిన పనిని నేర్చుకొని, ఆ పనివలననే గౌరవముగా బ్రతుకవలెనని ఆయన ఆశయము. అందుచేత సోదరగృహమునకు చేరిన కాగితపు మిల్లును, యంత్రములు చేయు కర్మాగారమును కూడ నెలకొల్పెను.

పదేండ్ల విల్హెల్ము ఆ యింటికి వచ్చి చేరెను. అచ్చట అన్నము, వస్త్రము, చదువు మాత్రమే కాక, బాలునిలోని నేర్పును కనిపెట్టి చూచెడి పెద్దదిక్కు కూడ వానికి దొరకెను. ఈ బాలునకు యంత్రములయందు ఆసక్తి గలదని గ్రహించి, వెర్నరు వానిని కర్మాగారములోని నమూనాలు గీయు శాఖలో ప్రవేశపెట్టించెను. పగలు కర్మాగారమున పని, పని ముగిసిన పిమ్మట ఊరిలోని పాఠశాలలో చిత్రలేఖనము, భౌతికశాస్త్రము, తరువాత గణితము. ఈ విధముగా పని చేయుచు చదువుచు, తన పందొమ్మిదవ యేటికి మైబాకు యంత్రముల నమూనాలు స్వయముగా గీయగల నేర్పరి ఆయెను. విశ్వవిద్యాలయపు గడప ఆయన తొక్కలేదు. చదువుకొనుటకు వీలులేదని తలచు పేద విద్యార్థి ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలెను.

డైమ్లరుతో చెలిమి

1863లో ఆ కర్మాగారమునకు గొట్లీబు డైమ్లరు అను యువకుడు అధికారిగా వచ్చెను. ఆయన రొట్టెలు కాల్చి అమ్మువాని కుమారుడు. అప్పటికి ఇరువది తొమ్మిదేండ్ల వయస్సువాడు. మైబాకు ఆయనకంటె దాదాపు పండ్రెండేండ్లు చిన్న. డైమ్లరు ఈ చిన్నవాని చేతి గీతను, మితభాషిత్వమును, పట్టుదలను గమనించి తనకు ముఖ్య సహాయకునిగా చేసికొనెను. ఆనాడు కుదిరిన చెలిమి 1900లో డైమ్లరు మరణించువఱకు తెగలేదు. ఒకడు ధైర్యముతో ముందుకు త్రోయువాడు. మఱియొకడు నిదానముగా ఆలోచించి గీయువాడు. ఇద్దఱి గుణములును ఒకదానికొకటి తోడుపడెను.

డైమ్లరు కార్ల్స్‌రూహే నగరములోని యంత్రశాలకు పోగా, 1869లో మైబాకు ఆయనను అనుసరించెను. 1872లో డైమ్లరు కొలోన్ నగరమునకు ఎదురుగా నున్న డాయిట్జ్ అను చోట గ్యాసు ఇంజనుల కర్మాగారమునకు సాంకేతికాధికారి కాగా, మైబాకు అచ్చటికిని వెళ్లి, 1873లో నమూనాల శాఖకు పెద్ద ఆయెను. ఆ కర్మాగారముననే నికొలాసు ఆటో 1876లో నాలుగు ఘట్టముల ఇంజనును సిద్ధము చేసెను. పీల్చుట, నొక్కుట, మండుట, విడుచుట అను ఆ నాలుగు ఘట్టములే నేటికిని మన పెట్రోలు ఇంజనులకు ఆధారము. ఆ ఇంజనును కర్మాగారమున పెక్కు సంఖ్యలో చేయుటకు అనువుగా దిద్దిన చేయి మైబాకుది. 1878లో ఆయన బెర్తా హాబర్‌మాసు అను కన్యను వివాహమాడెను. మఱుసటి సంవత్సరము వారికి కార్లు అను కుమారుడు కలిగెను.

పెట్రోలు సమస్య

ఆ కాలపు ఇంజనులు బొగ్గునుండి తీసిన గ్యాసుతో నడచెడివి. ఆ గ్యాసు వీథిదీపముల కొఱకు గొట్టములలో వచ్చెడిది. గొట్టము ఉన్నచోటనే ఇంజను ఉండవలెను. గొట్టమును వెంట లాగుకొనుచు బండి పరుగెత్తజాలదు గదా! ఇంజను బండి నెక్కవలెనన్నచో, ఇంధనమును కూడ బండిమీదనే మోసికొనిపోవలెను. అందుకు తగినది పెట్రోలు. అది ఆ రోజులలో మందుల దుకాణములలో మరకలు పోగొట్టు ద్రవముగా అమ్ముడగుచుండెడిది. డాయిట్జ్‌లో ఉన్న కాలముననే మైబాకు పెట్రోలులో తడిపిన నూలు పీచును ఇంజను గాలి పీల్చు గొట్టమునకు ఎదురుగా పట్టి, గ్యాసు లేకయే ఇంజను తిరుగుట చూచెనని చెప్పుదురు.

1882లో డైమ్లరు యజమానులతో పొసగక డాయిట్జ్‌ను విడిచి, స్టుట్‌గార్ట్ ప్రక్కనున్న కాన్‌స్టాట్ అను ఊరిలో ఇల్లు కొని, దాని తోటలోని చిన్న కట్టడమును పనిశాలగా మార్చెను. మైబాకు కుటుంబముతో అచ్చటికి వచ్చెను. రేయింబవళ్లు మూసిన తలుపుల వెనుక సుత్తి చప్పుళ్లు వినబడుచుండుటచేత, లోపలివారు దొంగ నాణెములు చేయుచున్నారని తోటమాలికి అనుమానము కలిగి పోలీసులకు తెలిపెనని ఒక కథ కలదు. పోలీసులు వచ్చి చూచినప్పుడు అచ్చట ఇంజను భాగములు తప్ప మఱేమియు కనబడలేదట!

1885లో వారి ఇంజను నిమిషమునకు 600 చుట్లు తిరిగెను. అంతకు పూర్వపు గ్యాసు ఇంజనులు 180 చుట్లకు మించి తిరుగుట అరుదు. ఆ చిన్న ఇంజనును ఆ సంవత్సరమే కొయ్యతో చేసిన రెండు చక్రముల బండిలో అమర్చిరి. 1886లో గుఱ్ఱపు బండికి, నెక్కరు నదిలోని పడవకు అమర్చిరి. అదే కాలమున మాన్‌హైమ్ నగరమున కార్లు బెంజు అను మఱియొక శిల్పి, వీరితో సంబంధము లేకయే, తన మూడు చక్రముల మోటారు బండిని సిద్ధము చేసెను.

అయినను ఒక చిక్కు మిగిలియుండెను. పెట్రోలు ద్రవరూపమున మండి ఇంజనును నడపదు. అది ఆవిరిగానో, మంచువంటి సన్నని తుంపరగానో గాలిలో కలియవలెను. తూకమున ఒక పాలు పెట్రోలునకు సుమారు పదునైదు పాళ్లు గాలి ఉండవలెను. దీపమును చూడుడు. నూనె తక్కువైనను వత్తి ఆరును; వత్తి నూనెలో మునిగినను ఆరును. ఇంజనును అట్టిదే. తొలి కార్బొరేటరులలో తొట్టెలోని పెట్రోలుమీదుగా గాలిని పోనిచ్చి, ఆవిరిని గ్రహించెడివారు. పెట్రోలులోని తేలిక భాగము ముందు ఆవిరియై పోయి, బరువు భాగము అడుగున మిగిలిపోవుచుండెను. చలిదినములలో ఆవిరి తగ్గును. బండి కుదుపులకు కొలత మాఱును. తొట్టెయు పెద్దది. ఇట్టి సాధనముతో బండి దూరప్రయాణమునకు పనికిరాదు.

హోటలు హెర్మను

1890లో డైమ్లరు ధనికుల సహాయముతో ఒక కంపెనీని స్థాపించెను. కాని ధనము పెట్టినవారికిని, ఆయనకును అభిప్రాయభేదములు కలిగెను. మైబాకునకు వారు చూపిన ఒడంబడిక అంగీకారయోగ్యము గాక పోవుటచేత, ఆయన 1891లో ఆ కంపెనీని విడిచిపెట్టెను. వయస్సు నలువది యైదు. ఇంట భార్యయు పిల్లలును. పేరుగల కొలువు పోయెను. ఇట్టి సమయమున చాలమంది నిరాశ చెందుదురు. మైబాకు మాత్రము తన యింటి గదిలోనే బల్ల వేసికొని గీయనారంభించెను.

డైమ్లరు తన మిత్రుని విడువలేదు. ఆయన సొంత ధనముతో, కాన్‌స్టాట్‌లో మూతపడిన హెర్మను హోటలు నాట్యశాలను 1892లో అద్దెకు తీసికొని, మైబాకునకు పనిశాలగా ఇచ్చెను. ఒకప్పుడు వాద్యములు మ్రోగిన ఆ శాలలో మైబాకు కొద్దిమంది పనివారితో మోటారు చరిత్రలో మఱవరాని పనులు చేసెను. వానిలో ముఖ్యమైనది 1893లో రూపొందించిన తుంపర కార్బొరేటరు. అదే సంవత్సరమున, మైబాకుకంటె కొన్ని నెలలు ముందుగా, హంగెరీ దేశస్థులైన బాంకి, చొంకా అనువారు ఇట్టి సాధనమునకే తమ దేశమున పేటెంటు పొందియుండిరి. న్యాయముగా వారిని కూడ స్మరింపవలెను. లోకమున కారులకు దీనిని వ్యాపింపజేసినది మాత్రము మైబాకు చేసిన నమూనా.

దాని పని ఇట్టిది. పిస్టను క్రిందికి దిగునప్పుడు ఇంజను గాలిని పీల్చును. ఆ గాలి ఒక గొట్టముగుండా వేగముగా పోవును. గొట్టము నడుమ జెట్టు అను సన్నని రంధ్రముగల ముక్కు ఉండును. వేగముగా పోవు గాలి యొద్ద ఒత్తిడి తగ్గును గనుక, జెట్టులోని పెట్రోలు పైకి లాగబడి సన్నని తుంపరయై గాలిలో కలియును. గాలి ఎక్కువ పోయిన పెట్రోలు ఎక్కువ వచ్చును. తక్కువ పోయిన తక్కువ వచ్చును. ఆవిరియగువఱకు వేచియుండ నక్కఱలేదు.

కాని ఇందుకొక నియమము కలదు. ఇంజను నిలిచియున్నప్పుడు జెట్టులోని పెట్రోలు మట్టము దాని నోటికి కొంచెము దిగువగా నుండవలెను. ఎక్కువ దిగువనున్నచో గాలి దానిని లాగలేదు. నోటికి మించినచో, ఎవరును పిలువకయే పొంగి పొర్లును. బండిలోని టాంకు ఒకప్పుడు నిండుగాను, ఒకప్పుడు వెలితిగాను ఉండును; అయినను ఈ మట్టము మాఱరాదు. దీనికై జెట్టు ప్రక్కన ఒక చిన్న గిన్నెను అమర్చి, అందులో ఫ్లోటును తేలనిచ్చిరి. పెట్రోలు వచ్చుకొలది ఫ్లోటు పైకి లేచును. తగిన మట్టమునకు లేచినంతనే అది సూదిని నడపి, పెట్రోలు వచ్చు త్రోవను మూసివేయును. ఇంజను కొంత త్రాగినంతనే ఫ్లోటు దిగును, త్రోవ తెఱచుకొనును. మన మేడలమీది నీళ్ల టాంకులో కుళాయిని మూయు బంతి పని యెట్టిదో, దీని పనియు నట్టిదే. కావలసినప్పుడు తెఱచుటయు, చాలినప్పుడు మూయుటయు ఈ చిన్న డబ్బీ మనుష్యుని చేయి తగులకయే చేయుచుండును.

కార్బొరేటరు పొంగుట

మైబాకు ఆలోచన యెంత సూక్ష్మమో తెలియవలెనన్నచో, ఆ మితము తప్పినప్పుడు ఏమగునో చూడవలెను. మన ప్రాంతములలో ఇంకను మిగిలియున్న పాత అంబాసిడరు కారులకును, ఫియట్టు కారులకును, పాత స్కూటరులకును ఇది నిత్యానుభవమే. కార్బొరేటరు పొంగినచో వాసన వచ్చును. పొగ నల్లగా నుండును. స్పార్కు ప్లగ్గు తడిసి మసిబాఱును. నెమ్మదిగా తిరుగునప్పుడు ఇంజను తడబడి ఆగిపోవును.

ఇట్టి సమయమున మొట్టమొదట చేయవలసినది భద్రత. దగ్గఱ దీపము గాని, బీడీ గాని ఉండరాదు. పెట్రోలు కుళాయి ఉన్నచో మూయవలెను. కారిన పెట్రోలును తుడిచి, గాలికి ఆఱనీయవలెను. పిమ్మట స్క్రూడ్రైవరు పిడితో ఫ్లోటు గిన్నె ప్రక్కను మెల్లగా తట్టవలెను. పొంగు ఆగినచో, సూది నడుమ నలుసు చిక్కియుండుటయో, సూది అంటుకొనియుండుటయో కారణము. అయినను తట్టుట చికిత్స కాదు. రోగము జాడ తెలిసికొనుట మాత్రమే. గిన్నెను విప్పి, అడుగున చేరిన మడ్డిని కడిగి, సూది కూర్చుండు పీఠమును శుభ్రపఱచి, ఆ నలుసు ఎచ్చటినుండి వచ్చినదో టాంకు వఱకు పోయి వెదకవలెను. లేనిచో రేపు మఱియొక నలుసు వచ్చును.

అది కారణము కానిచో ఫ్లోటును చూడవలెను. దానిని చెవి దగ్గఱ ఊపినప్పుడు లోపల ద్రవము కదలిన చప్పుడు వినబడినచో, అది చిల్లిపడి పెట్రోలు త్రాగియున్నదన్నమాట. బరువెక్కిన ఫ్లోటు పైకి లేవదు; త్రోవ మూయదు. చిల్లి కనబడనిచో, మంటకు దూరముగా, వేడినీటిలో ముంచిన బుడగలు వచ్చిన చోటు తెలియును. ఇత్తడి ఫ్లోటునకు టంకము వేయవచ్చును గాని, ముందుగా లోపలి పెట్రోలును దాని ఆవిరిని పూర్తిగా పోగొట్టవలెను, లేనిచో ప్రేలును. టంకము ఎక్కువైనచో దాని బరువే క్రొత్త తప్పునకు కారణమగును. కావున క్రొత్త ఫ్లోటు వేయుటయే మేలు.

ఫ్లోటు సరిగా నున్నచో సూది మొనను వెలుతురున చూడవలెను. మొన చుట్టు గాడి పడియున్నచో అది త్రోవను పూర్తిగా మూయలేదు. అప్పుడు సూదిని, పీఠమును రెండింటిని కలిపి మార్చవలెను. పీఠము క్రింది వాషరు నలిగినను లేకున్నను ప్రక్కనుండి పెట్రోలు జాఱును. ఇవియన్నియు సరిగా నున్నచో ఫ్లోటు మట్టమును, పంపు ఒత్తిడిని కొలువవలెను. పంపు మితిమించి త్రోసిన, మంచి సూదియు ఓడిపోవును. బాగుచేసిన వెనుక, తడిసిన ఇంజనులో మిగిలిన పెట్రోలును తోలివేయుటకు చోకు వేయక, యాక్సిలరేటరును పూర్తిగా త్రొక్కిపట్టి త్రిప్పవలెను. చాలసేపు పొంగిన బండిలో పెట్రోలు ఇంజను ఆయిలులోనికి దిగి దానిని పలుచన చేయును గనుక, ఆ ఆయిలును మార్చుట మఱవరాదు.

ఈ వరుసను చూచిన విద్యార్థులకు ఒక సంగతి తెలియగలదు. తేలికయైన పరీక్షను ముందు చేయవలెను. ఒక కారణమును త్రోసివేసిన పిమ్మటనే మఱియొకదానిని పట్టవలెను. అన్నిటిని ఒక్కసారి విప్పి పోగుపెట్టువానికి దోషము దొరకదు.

మెర్సిడిస్ కారు

డైమ్లరు, మైబాకు లేని కంపెనీ క్రమముగా క్షీణింపసాగెను. మైబాకు హోటలు శాలలో చేసిన క్రొత్త ఇంజనులకు మాత్రము విదేశములలో గిరాకి పెరిగెను. ఆంగ్లేయ వర్తకులు ఆ ఇంజనుల హక్కులను పెద్ద మొత్తమిచ్చి కొనుటకు వచ్చినప్పుడు, డైమ్లరు తిరిగి కంపెనీలో చేరవలెనని నియమము పెట్టిరి. 1895లో మిత్రులిద్దఱును కంపెనీకి మరలిరి. నాలుగేండ్ల క్రితము వెడలిపోయిన మైబాకు, ఈసారి సాంకేతికాధికారియై లోపల అడుగుపెట్టెను.

1900వ సంవత్సరము మార్చి 6వ తేదీన డైమ్లరు మరణించెను. ముప్పదియేడు సంవత్సరముల తోడు పోయెను. ఆ నెలలోనే ఫ్రాన్సు దేశమున నీసు నగరము దగ్గఱ జరిగిన కొండయెక్కు పందెమున కంపెనీ కారు ప్రమాదమునకు లోనై దానిని నడపువాడు చనిపోయెను. ఆ కారు ఎత్తుగాను, పొట్టిగాను, బరువుగాను ఉండుటయే ప్రమాదకారణమని తలచి, నీసు నగరమున ఉండిన ఎమిలు యెల్లినెకు అను వర్తకుడు, పొడవైనదియు, నేలకు దగ్గఱగా నుండునదియు, బలముగలదియు నగు క్రొత్త కారును కోరెను. తన కుమార్తె మెర్సిడిస్ పేరు దానికి పెట్టవలెననెను.

మైబాకు గీసిన ఆ కారు 1900 డిసెంబరులో సిద్ధమాయెను. దాని బలము 35 అశ్వశక్తులు. నాలుగు సిలిండరులకు రెండు తుంపర కార్బొరేటరులు. ఇంజను వేడిని తగ్గించుటకై 8,070 చిన్న గొట్టములను తేనెపట్టువలె కూర్చిన రేడియేటరు. 1901 మార్చిలో నీసు పందెములలో ఆ కారు జయించినప్పుడు, గుఱ్ఱపు బండికి ఇంజను తగిలించిన కాలము ముగిసినదని లోకమునకు తెలిసెను. తరువాతి కారులన్నియు దాని పోలికనే అనుసరించెను. ఫ్రెంచివారు మైబాకును యంత్రశిల్పులకు రాజని కొనియాడిరి.

చివరి దినములు

ఇంతటి కీర్తి వచ్చినను, కంపెనీలో ఆయనకు సుఖము కలుగలేదు. డైమ్లరు లేని కంపెనీలో క్రొత్త అధికారులు ఆయనను క్రమముగా ప్రక్కకు నెట్టిరి. 1907లో, అఱువది యొకటవ యేట, ఆయన కంపెనీని విడిచెను. జీవితములో రెండవసారి ఆయన వట్టి చేతులతో బయటికి వచ్చెను. అయినను చేతిలోని విద్య వట్టిపోలేదు.

1908 ఆగస్టులో జెప్పెలిను ప్రభువు నిర్మించిన గొప్ప ఆకాశనౌక ఎహ్టర్‌డింగెన్ అను చోట తగులబడిపోయెను. ఆ ప్రభువునకు బలమైనవియు నమ్మదగినవియు నగు ఇంజనులు అవసరమాయెను. మైబాకు తన కుమారుడు కార్లు గీసిన ఇంజనును గూర్చి ఆయనకు తెలిపెను. 1909లో ఆకాశనౌకల ఇంజనులు చేయు కంపెనీ స్థాపింపబడెను. దానిని కార్లు నడపెను. తండ్రి ఆలోచన చెప్పుచు వెనుక నిలిచెను. 1921లో ఆ కంపెనీ తన మొదటి కారును ప్రదర్శించెను. తండ్రి పేరు కారుల మీదికి ఎక్కినది కుమారుని మూలముననే.

1916లో స్టుట్‌గార్ట్ సాంకేతిక విద్యాలయము మైబాకునకు గౌరవ డాక్టరు బిరుదమిచ్చెను. కళాశాలలో చదువని అనాథబాలునికి డెబ్బదియవ యేట లభించిన గౌరవమది. 1929వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీన, తన ఎనుబది మూడవ యేట, ఆయన పరలోకగతుడాయెను. కాన్‌స్టాట్‌లోని ఊఫ్ శ్మశానవాటికలో ఆయనను సమాధి చేసిరి. డైమ్లరు సమాధియు ఆ వాటికలోనే కలదు.

నేర్చుకొనదగినది

ఇప్పుడు క్రొత్త కారులలో కార్బొరేటరులు లేవు. 2020 ఏప్రిల్ 1 నుండి మన దేశమున అమలైన భారత్ స్టేజి 6 నిబంధనల పిమ్మట, క్రొత్త మోటారు సైకిళ్లలోను స్కూటరులలోను కూడ చాలవఱకు వాని స్థానమున ఇంధనమును విద్యుత్తు సహాయముతో చిమ్ము సాధనములు వచ్చినవి. అయినను అవి చేయు పని మైబాకు నేర్పిన పనియే: గాలికి తగినంత పెట్రోలును కొలిచి ఇచ్చుట, మించనీయకుండుట.

విద్యార్థులారా! బలము ఎక్కువ పోసినందున రాదు. తగినంత పోసినందున వచ్చును. ఎక్కువ పెట్రోలు త్రాగిన ఇంజను పరుగెత్తదు. నల్లని పొగ క్రక్కి నిలిచిపోవును. ఈ సత్యము యంత్రములకు మాత్రమే చెందినది కాదు. మైబాకు పేరుకొఱకు ఆరాటపడలేదు. ఒడంబడిక అన్యాయముగా తోచినప్పుడు తలవంచలేదు. కొలువు పోయినప్పుడు పని మానలేదు. మితమెఱిగిన జీవితమది.

తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు గమనింపవలసిన సంగతియు ఒకటి కలదు. ఒక ఊరి మిత్రులు పత్రికలో నాలుగు పంక్తులు వేయించిరి. ఒక బోధకుడు వానిని చదివి ఊరకుండలేదు. ఒక అధికారి పనివాని గీతలను శ్రద్ధగా చూచెను. ఈ మూడు చిన్న పనులలో ఏ యొక్కటి జరుగకున్నను ఆ బాలుని నేర్పు వెలుగు చూడకయే పోయెడిది. మన తరగతి గదులలో వెనుక బెంచీమీద కూర్చుండి, నోటు పుస్తకము చివరి పుటలో ఏవో చక్రములను గీయుచున్న పిల్లవానిని మనము ఏ కంటితో చూచుచున్నామో ఆలోచించుకొందుము గాక.